గడ్డి అరిగిన చోటు

ఎర్రకోనపల్లె,
ఆగస్టు 18.

ఒరేయ్ గిరీ,

నువ్వు బాగున్నావని వారానికి రెండుసార్లు ఫోన్లో వింటూనే ఉన్నాను. విని ఏం లాభం? "ఆ అక్కా, ఊ అక్కా, డ్యూటీలో ఉండా అక్కా." ఇంతే కదా నీ మాటలు. అందుకే కాగితం తీశాను. రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను. నువ్వూ అట్లాగే పంపు. సారు కోసం కారులో గంటలు గంటలు కూర్చుంటావు కదా, ఆ టైములో రీల్స్ చూసే బదులు నాలుగు ముక్కలు రాస్తే వేళ్ళేం అరిగిపోవు.

అవసరం నాదేలే. మా హైస్కూల్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ టీము పెట్టి రెండేళ్ళయింది. పేరుకు నేను డ్రిల్ మేడమ్‌నే గానీ, నేను ఆడింది ఖోఖో అని నీకు తెలుసు. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందంతా ట్రైనింగులో ఇచ్చిన ఒక పుస్తకం, ఆపైన యూట్యూబ్. మా తమ్ముడు దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఒక పెద్ద కోచ్‌కి కారు నడుపుతాడని చెబితే పిల్లలు నమ్మడం లేదు. "ఉత్తదే మేడమ్, దుబాయ్‌లో ఫుట్‌బాల్ ఏంది" అన్నారు. దుబాయ్ కాదు ఖతార్ అని మ్యాపులో చూపించాల్సి వచ్చింది.

కాబట్టి ఆయన ఎవరు, ఏం ఆడేవాడు, ఎట్లా నేర్పిస్తాడు, అంతా రాయి. నేను గ్రౌండులో పిల్లలకు చదివి వినిపిస్తాను. ముఖ్యంగా రమీజా కోసం. పదో తరగతి, ఆటో నడిపే హుసేన్ పీరా కూతురు. బంతి ఆమె కాళ్ళ దగ్గరికి వస్తే చాలు, మిగతా పిల్లలు నెమ్మదిస్తారు. తను మాత్రం గోలు కొట్టదు, పక్కనోళ్ళకు ఇచ్చేస్తుంది. మాట్లాడటం కూడా అంతంత మాత్రమే. ఆ పిల్లకు ఏం నేర్పాలో నాకు తెలియడం లేదురా.

సొంత తెలివి వాడకు. డిగ్రీలో గోల్‌కీపర్‌గా నిలబడి ఒక్క మ్యాచిలో ఏడు గోల్స్ తిన్నోడివి. సారు ఏం చెబితే అది రాయి.

మీ అక్క,
కృష్ణకుమారి.


దోహా, అల్ హిలాల్,
సెప్టెంబరు 6.

అక్కకు,

ఏడు కాదు, ఆరు. ఏడోది ఆఫ్‌సైడ్. ఆ సంగతి పిల్లలకు చదవొద్దు.

ప్రాక్టీసు గ్రౌండు బయట రేకుల నీడలో కారు పెట్టుకుని రాస్తున్నాను. ఇంకో గంటన్నర దాకా సారు రాడు. ఆయన పేరు ఎలాదియో. దేశం పరాగ్వే. పిల్లలకు మ్యాపులో చూపించు, చుట్టూ వేరే దేశాలే, సముద్రం లేని దేశం. వయసు నలభై ఏడు. సన్నగా, పొట్టిగా ఉంటాడు. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. నెలకోసారి అల్ సద్‌లో డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను.

మొదటి రోజు నేను వెనక తలుపు తీసి నిలబడ్డాను. ఇక్కడ అది పద్ధతి. ఆయన ఆ తలుపు తనే మూసేసి, ముందుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను బెదిరిపోయాను. సగం ఇంగ్లీషు, సగం అరబ్బీలో తర్వాత చెప్పాడు. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరంట. చిన్నప్పుడు బస్సులో ఇంజను పెట్టె మీద, నాన్న పక్కనే కూర్చుని తిరిగేవాడంట. "వెనక కూర్చుంటే నాకు దారి కనిపించదు" అన్నాడు.

ఇంకోటి. ఆయన దగ్గర ఎప్పుడూ ఒక గ్లాసు, అందులో ఏదో ఎండిన ఆకు, చల్లటి నీళ్ళు, పీల్చడానికి ఒక ఇనుప గొట్టం ఉంటాయి. తను తాగి, మళ్ళీ నీళ్ళు పోసి అదే గొట్టంతో నాకిచ్చాడు. ఎంగిలి. అమ్మ మనల్ని ఎట్లా పెంచిందో నీకు తెలుసు కదా, ఒక క్షణం చెయ్యి ముందుకు పోలేదు. వాళ్ళ దేశంలో అది మనిషిని మనవాడిగా ఎంచినట్టంట. తాగాను. వేపాకు రసంలాగా ఉంది. ఇప్పుడు రోజూ తాగుతున్నాను, అది లేకపోతే డ్యూటీ మొదలైనట్టే ఉండదు.

ఇక ఆయన ఆట సంగతి. నాకు చెప్పింది రాజనర్సు. జగిత్యాల దిక్కు మనిషి, ఈ గ్రౌండులో పదిహేనేళ్ళుగా గడ్డి చూసుకునే పని. ఎలాదియో అనడం రాక ఎల్లయ్య సారు అంటాడు. సారు ముప్పై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి ఇక్కడికి వచ్చింది ఆటగాడిగా. అంతకుముందు వాళ్ళ ఊళ్ళో, తర్వాత రాజధానిలో, అర్జెంటీనాలో, మెక్సికోలో ఆడాడు. వాళ్ళ దేశం టీముకు కూడా ఆడాడు. మొత్తం పదిహేడేళ్ళలో కొట్టిన గోల్స్ నాలుగు. నవ్వొద్దని పిల్లలకు చెప్పు. ఆయన ఆడేది నడుమ. అవతలివాళ్ళ కాళ్ళ నుంచి బంతి తీసుకుని, మనవాళ్ళకు అందించే పని.

రాజనర్సు మాట అతని నోటితోనే రాస్తాను. "గోలు కొట్టినోన్ని అందరు జూస్తరు తమ్మీ. నేను గడ్డిని జూస్త. మిగతా టీములు ఆడినంక గోలుకాడ గడ్డి లేస్తది. ఎల్లయ్య సారు ఆడిన రెండేండ్లు నట్టనడుమ అరిగింది, గీ బండి అంత జాగ. గక్కడ్నే తిరుగుడు, గక్కడ్నే మర్రుడు. మ్యాచ్ అయినంక అందరు పోయిన తర్వాత, లేచిన గడ్డి పెల్లలను కాలితోని నొక్కి సరిజేసి పోతుండె. గసొంటి మనిషిని నేను మల్ల జూడలే. ఒకసారి అడిగిన, సారూ, అందరు గోలు దిక్కు ఉరుకుతరు, నువ్వెందుకు నడుమనే ఉంటవని. నవ్విండు, గంతే. జవాబియ్యలే."

మోకాలు పోయాక ఇక్కడే చిన్నపిల్లలకు నేర్పించాడు. తర్వాత వాళ్ళ దేశం పోయి, ఎవరికీ పట్టని ఒక చిన్న టీమును పై లీగులోకి తీసుకొచ్చాడంట. పోయినేడాది మళ్ళీ ఈ క్లబ్బు పిలిచి పెద్ద కోచ్‌ని చేసింది.

ఆయన నేర్పే పద్ధతి ఒకటి రోజూ చూస్తాను. ఒక ఆటగాడు నిలబడతాడు. అతని వెనక ఇద్దరు, ఎర్ర గుడ్డ ఒకడు, పచ్చ గుడ్డ ఒకడు. ఎదురుగా ఒకడు బంతి తంతాడు. బంతి కాలికి చేరేలోపు ఇతను వెనక్కి చూసి, ఏ గుడ్డ పైకి లేచి ఉందో గట్టిగా చెప్పాలి. చెప్పలేకపోతే బంతి అందినా లెక్కలోకి రాదు. సారు నాతో అన్నాడు, "నువ్వు అద్దం ఎప్పుడు చూస్తావు గిరీ? పక్కకు తిప్పేటప్పుడా, అంతకు ముందా?" ముందే అన్నాను. "అదే ఫుట్‌బాల్" అన్నాడు.

యల్లా, అంటే ఇక్కడ పద పద అని. సారు వస్తున్నాడు. ఉంటాను.

నీ తమ్ముడు,
గిరి.


ఎర్రకోనపల్లె,
అక్టోబరు 9.

ఒరేయ్ గిరీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నారు. ఇనుప గొట్టం దగ్గర అందరూ "ఛీ" అన్నారు, మళ్ళీ ఆ ముక్కే చదవమన్నారు.

గుడ్డల ఆట మేమూ మొదలుపెట్టాం. ఎర్ర చున్నీ, పచ్చ చున్నీ. మొదటి వారం ఎవరికీ బంతి అందలేదు, అందినవాళ్ళకు రంగు తెలియలేదు. రమీజా మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదురా. రెండో వారం చున్నీలు మూడు చేశాను, అప్పుడూ తప్పలేదు. "ఎట్లా చూస్తాండావే" అని అడిగితే, "మునిపిట్నించీ చూస్తాండా మేడమ్" అంది. నేను ఇన్నాళ్ళూ ఆ పిల్లను దిక్కులు చూడొద్దని తిట్టాను. తల ఎత్తుకోలేకపోయాను. మీ సారుకు నా తరఫున దండం పెట్టు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నెల ఇరవై నాలుగున రాయచోటిలో జిల్లా సెలెక్షన్లు. హుసేన్ పీరా నిన్న స్కూలుకొచ్చి చెప్పాడు. "మేడమ్, నేను అడ్డం చెప్పేవాణ్ణి కాదు. బిడ్డ సెలెక్ట్ అయితే ఇంటర్ అయ్యేదాకా ఆడించుకోండి, యాడికైనా నేనే ఆటోలో దింపుతా. కాకపోతే మాత్రం టెన్త్‌తో ఈ ఆట చాలు. చుట్టాలందరికీ జవాబు చెప్పలేకుండా ఉండా." మనిషి మంచోడే. అతని మాట కూడా తీసెయ్యలేను.

సెలెక్షన్లో గోల్స్ కొట్టినవాళ్ళే కళ్ళలో పడతారు. రమీజాను ముందుకు, గోలు కొట్టే చోటికి మారిస్తే కొట్టగలదు, కాళ్ళలో ఆ పని ఉంది. నడుమనే ఉంచితే ఎవరైనా చూస్తారో లేదో. ఏం చెయ్యాలో తోచక నిద్ర పట్టడం లేదు. ఒక్క ప్రశ్న మీ సారును అడుగు. ముందుకు మార్చాలా, నడుమ ఉంచాలా. ఆయన ఏదంటే అదే చేస్తాను. పది రోజుల్లో జవాబు రావాలి.

మీ అక్క.


దోహా,
అక్టోబరు 16.

అక్కకు,

అడిగాను. నడుమనే ఉంచమన్నాడు. "ముందుండేవాడు గోలు కొడతాడు, నడుమ ఉండేవాడు ఆటను నడిపిస్తాడు. ఆ అమ్మాయిని కదిలించొద్దు" అన్నాడు.

డ్యూటీ ఎక్కువగా ఉంది. తర్వాత రాస్తాను.

గిరి.


ఎర్రకోనపల్లె,
నవంబరు 2.

గిరీ,

సెలెక్షన్లు అయిపోయాయి. రమీజా పేరు లేదు.

మీ సారు చెప్పినట్టే నడుమ ఆడించాను. మా పిల్లలు మూడు మ్యాచిల్లో ఎనిమిది గోల్స్ కొట్టారు. ఎనిమిదింటిలో ఆరు రమీజా ఇచ్చిన బంతులే. గోల్స్ కొట్టిన మా మాబున్నీసా సెలెక్ట్ అయింది. ఆ పిల్ల కూడా "నాది కాదు మేడమ్, అంతా రమీజాదే" అని ఏడ్చింది. ఒడ్డున కూర్చుని కాగితం మీద రాసుకునేవాళ్ళు రమీజా పేరు కూడా అడగలేదురా. జెర్సీ నంబరు ఎనిమిది అని వేసి, పక్కన గీత గీశారు. నేను చూశాను.

రమీజా ఏడవలేదు. మరుసటి రోజు స్కూలు ఇచ్చిన షూ కడిగి, ఆరబెట్టి, సంచిలో పెట్టి నా టేబుల్ మీద ఉంచి పోయింది. సాయంత్రం గ్రౌండుకు రాలేదు. హుసేన్ పీరా ఎదురుపడితే తల వంచుకుని పోతున్నాడు, తప్పు అతను చేసినట్టు.

సారు మీద నాకు కోపం లేదు. అంత పెద్ద మనిషి ఒక పల్లెటూరి పిల్ల గురించి ఆలోచించి చెప్పాడు, అదే గొప్ప. ఆయన మాట అని హుసేన్ పీరాకు కూడా చెప్పాను. జరిగింది మాత్రం ఆయనకు చెప్పు. ఏమంటాడో రాయి.

మీ అక్క.


దోహా, అల్ హిలాల్,
డిసెంబరు 14.

అక్కా,

నెలన్నర నుంచి ఈ ఉత్తరం రాయాలని కూర్చుంటున్నాను, చింపేస్తున్నాను. నువ్వు ఫోన్ చేస్తే డ్యూటీ అని పెట్టేస్తున్నది కూడా అందుకే.

సారును నేను అడగలేదు. ఆ మాటలు నావి.

నీ ఉత్తరం వచ్చిన వారమే మా టీము వరసగా మూడు మ్యాచిలు ఓడిపోయింది. సారు కారులో కూర్చుంటే ఒక్క మాట లేదు. గ్లాసులో నీళ్ళు కూడా పోసుకోవడం లేదు. మామూలుగా డ్రైవరు ముందుగా నోరు తెరవకూడదు అక్కా, ఇక్కడ అది పద్ధతి. ఆయనతో నాకు ఆ పట్టింపు లేకపోయినా, ఆ మొహం చూసి మీ ఊరి పిల్ల సంగతి ఎట్లా ఎత్తాలో తెలియలేదు. రేపు అడుగుతా, రేపు అడుగుతా అనుకుంటూ వారం గడిచింది. నువ్వు పది రోజులన్నావు.

అయితే భయం ఒక్కటే కాదు. జవాబు నాకే తెలుసు అనుకున్నాను. ఏడాదిగా ఆయన్ను చూస్తున్నాను, రాజనర్సు చెప్పింది విన్నాను, ఆయన ఉంటే ఇదే అంటాడని గట్టిగా అనిపించింది. నా మాటగా రాస్తే, ఏడు గోల్స్ తిన్నోడివి నీకేం తెలుసు అంటావు. అందుకని ఆయన పేరు పెట్టాను. ఒక పిల్ల ఆట పోయింది నా వల్ల. ఆయన మాటకున్న మర్యాద కూడా మీ ఊళ్ళో పోగొట్టాను.

నన్ను తిట్టు అక్కా. ఫోన్ చేసి తిట్టినా సరే.

గిరి.


ఎర్రకోనపల్లె,
డిసెంబరు 20.

గిరికి,

తిట్టను. తిడితే నీకు తేలికవుతుంది.

రమీజాకు నేనింకా చెప్పలేదు. చెప్పే ముఖం నాకు లేదు. షూ ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి. మార్చిలో పరీక్షలు. అవి అయిపోతే పిల్ల స్కూలు వదిలేస్తుంది, ఆ తర్వాత నేను ఏం చేసినా చేతికందదు.

మా లెక్కల సారు శేషాచలం సెలెక్షన్ మ్యాచి ఒకటి మొత్తం ఫోన్లో తీసిపెట్టాడు. పంపుతున్నాను. ఎనిమిదో నంబరు రమీజా. ఇప్పుడైనా అడుగు. ఆయన ఏమన్నా సరే, ఒక్క అక్షరం కలపకుండా, తీసెయ్యకుండా రాయి.

కృష్ణకుమారి.


దోహా,
జనవరి 27.

అక్కకు,

ఒక్క అక్షరం కలపను. అమ్మ మీద ఒట్టు.

సారును తీసేశారు. పోయిన ఆదివారం వెస్ట్ బేలో ఒక హోటల్లో మీటింగ్ అని తీసుకుపోయాను. అరగంటలో బయటికొచ్చి, "గిరీ, ఖలాస్" అన్నాడు. అయిపోయిందని. వాళ్ళ మీద ఒక్క మాట అనలేదు. "టీము ఓడితే కోచ్ పోవాలి, న్యాయమే" అన్నాడు. తర్వాత నాలుగు రోజులూ ఒక్కొక్క ఆటగాడి ఇంటికి పోయి కలిసొచ్చాడు. సామాను కట్టేటప్పుడు నా పిల్లాడికి అని ఒక బంతి ఇచ్చాడు. నాకు పెళ్ళి కాలేదు సార్ అంటే, "అయితే తొందర పడు" అన్నాడు.

ఈ రోజు పొద్దున ఎయిర్‌పోర్టు. దారిలో గ్రౌండు దగ్గర ఆపమన్నాడు. రాజనర్సు నీళ్ళ పైపు పట్టుకుని ఉన్నాడు. ఇద్దరూ చెయ్యి కలుపుకున్నారు. సారు నడుమ దాకా నడిచి, లేచిన పెల్ల ఒకటి కనబడితే కుంటికాలితోనే నొక్కి, తిరిగొచ్చాడు. "ఇంక గీసొంటి మనిషి రాడు తమ్మీ" అన్నాడు రాజనర్సు నాతో.

ఫ్లైటుకు రెండు గంటలు ముందే చేరాం. బస్సు డ్రైవరు కొడుకు కదా, ఆలస్యం పడదు. పార్కింగులో ఉండగా, ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ లేదని నోరు తెరిచాను. మొత్తం చెప్పాను. ఆయన పేరు వాడుకున్నదీ చెప్పాను. కోప్పడతాడని స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఆయన చెయ్యి చాచి "వీడియో" అన్నాడు.

ఇరవై రెండు నిమిషాలు చూశాడక్కా. ఫోను పట్టుకుని, రెండో చేతి వేళ్ళతో మోకాలి మీద ఏదో లెక్క పెడుతూ చూశాడు. మొదటి పది నిమిషాల తర్వాత మొహం మారింది. టీము ఓడిపోవడం మొదలయ్యాక ఆ నవ్వు నేను చూడలేదు. రెండు చోట్ల వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. చివర్లో, "ఈ అమ్మాయికి ఎవరు నేర్పారు?" అన్నాడు. మా అక్క, మీ గుడ్డల ఆటతో అన్నాను. "కాదు. ఇది నేర్పితే వచ్చేది కాదు. మీ అక్క చెడగొట్టలేదు, అదే చాలా గొప్ప. ఎంతోమంది చెడగొడతారు" అన్నాడు. బంతి కాలికి రాకముందు ఆమె ఎన్నిసార్లు వెనక్కి చూసిందో లెక్క పెట్టాడంట. ఆ వయసులో తను అందులో సగం కూడా చూడలేదంట.

తర్వాత అన్నాడు. "గిరీ, నన్ను అడిగి ఉంటే, ఆ ఒక్క రోజుకు ముందుకు మార్చమనేవాణ్ణి. కాగితం పట్టుకుని కూర్చున్నవాళ్ళు గోల్సే రాసుకుంటారు. నడుమ ఉండిపోయి నేను ఇరవై నాలుగేళ్ళ దాకా ఎవరికీ కనబడలేదు. నువ్వు చెప్పింది తప్పు."

అప్పుడు అడిగాడు, "అయితే, ఆ అమ్మాయి ఏమంది?"

ఏ విషయం సార్ అన్నాను.

"ఎక్కడ ఆడతానంది?"

ఆ పిల్లను ఎవరూ అడగలేదు సార్ అన్నాను. తలుచుకుంటే, అంతే కదా అక్కా. నువ్వు నన్ను అడిగావు, నేను నన్నే అడుక్కున్నాను, వాళ్ళ నాన్న చుట్టాల సంగతి చూశాడు. సారు తల ఊపాడు. "నన్ను కూడా ఎవరూ అడగలేదు. నాన్న చెప్పాడు, కోచ్‌లు చెప్పారు, ఆడాను. ముప్పై నాలుగేళ్ళు వచ్చాక ఒక్క మనిషి అడిగాడు, గడ్డి చూసుకునే ఆ రాజనర్సు. ఎందుకు నడుమనే ఉంటావని. నాకు జవాబు రాలేదు, నవ్వి ఊరుకున్నాను. ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆ అమ్మాయిని అడగండి. ఏమందో నాకు రాయి" అన్నాడు.

లోపలికి పోయేముందు గ్లాసు, గొట్టం నా చేతిలో పెట్టాడు. నంబరు కూడా ఇచ్చాడు.

నన్ను వచ్చే వారం నుంచి కంపెనీ వెస్ట్ బేలో ఒక ఆఫీసు మేనేజరుకు వేసింది. ఆయన వెనక సీట్లో కూర్చుంటాడంట.

గిరి.


ఎర్రకోనపల్లె,
ఫిబ్రవరి 21.

ఒరేయ్ గిరీ,

మళ్ళీ ఒరేయ్ అంటున్నానంటే అర్థం చేసుకో.

నీ ఉత్తరం చదివి ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. రెండేళ్ళు ఆ పిల్లను రోజూ చూశాను, ఎక్కడ నిలబడాలో చెప్పాను, ఎక్కడ నిలబడతావు అని ఒక్కసారి అడగలేదు. దిక్కులు చూడొద్దని తిట్టింది నేనే. మీ సారు చెడగొట్టలేదన్నాడే గానీ, చెడగొట్టే పని చాలానే చేశానురా.

మరుసటి రోజు రమీజాను, వాళ్ళ నాన్నను గ్రౌండుకు రమ్మన్నాను. ముందు నీ అబద్ధం చెప్పాను, తర్వాత సారు మాటలు ఉన్నవి ఉన్నట్టు చదివాను. తప్పు అన్నది కూడా దాచలేదు. రమీజా నేల చూస్తూ వింది. అప్పుడు అడిగాను. "ఏమ్మా, నీకు యాడ ఆడాలనుంది?"

ఆ పిల్ల నోట్లో నుంచి అంత పొడుగు మాట నేను ఎప్పుడూ వినలేదు. "నడుమనే మేడమ్. ముందుకు పోతే గోలు ఒకటే కనపడతాది. నడుమ ఉంటే అందరూ కనపడతారు. ఎవురు ఖాళీగా ఉండారో, ఎవురు అలిసిపోయినారో, ఎవురికి బంతి రాక ఏడుపుమొగం పెట్టినారో, అంతా. అందరూ కనపడేది నాకు బాగుంటాది."

అని వాళ్ళ నాన్న వైపు తిరిగింది. "నాయినా, నువ్వు ఆటోలో బడి పిలకాయల్ని దింపేటప్పుడు అద్దంలోకి ఎన్నితూర్లు చూస్తావు? నేనూ అంతే. ఒకతూరి చూడు. బాగలేకుంటే మానేస్తా."

హుసేన్ పీరా ఆటో పక్కనపెట్టి ఒడ్డున గొంతుక్కూర్చున్నాడు. బీరువాలో నుంచి షూ తీసిచ్చాను. పిల్లలందరినీ పిలిచి అరగంట ఆడించాను. అతను బంతిని చూడలేదు గిరీ, కూతురి తలకాయనే చూశాడు. అది ఎటు తిరిగితే అటు అతని తలా తిరిగింది. ఆట అయ్యాక లేచి, ప్యాంటు దులుపుకుని, "మేడమ్, నేను ఇరవై ఏండ్లుగా బండి తోల్తాండా. నాకంటే ఎక్కువ చూస్తాంది ఈ బిడ్డ" అన్నాడు. తర్వాత, "చుట్టాలకు ఏదో ఒకటి చెప్తాలే. ఇంటర్‌లో కూడా ఆడుకోనీ" అన్నాడు. కండువాతో మొహం తుడుచుకుంటూ ఆటో దగ్గరికి పోయాడు.

నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గులేదు.

పరీక్షలయ్యేదాకా రోజూ అరగంట, అదీ చదువు అయ్యాక. వచ్చే అక్టోబరులో మళ్ళీ సెలెక్షన్లు వస్తాయి. నడుమనే ఆడుతుంది. చూసేవాళ్ళు చూస్తారు, లేకపోతే లేదు.

రమీజా మాట సారుకు పంపు. ఏమీ కలపకుండా.

మీ అక్క.


దోహా, వెస్ట్ బే,
మార్చి 3.

అమ్మా రమీజా,

నేను మీ మేడమ్ తమ్ముణ్ణి, గిరిని. ఈసారి ఉత్తరం అక్కకు కాదు, నీకే. ముందు నీకు క్షమాపణ చెప్పుకోవాలి. నిన్ను అడక్కుండా నీ తరఫున జవాబు చెప్పాను, అదీ ఇంకొకరి పేరుతో. ఇంకెప్పుడూ ఎవరి విషయంలోనూ అట్లా చెయ్యను.

నువ్వు చెప్పిన మాటను ఇక్కడ సారు భాష స్పానిష్ తెలిసిన ఒకాయనతో రాయించి సారుకు పంపాను. ఒక్క ముక్క కలపలేదు, అది చదివాక కలపబుద్ధి కూడా కాలేదు. రెండు రోజులు ఏ కబురూ రాలేదు. మూడో రోజు పొద్దున వచ్చింది. ఒక్కటే వాక్యం. "రాజనర్సు దగ్గరికి పోయి, నా జవాబు దొరికిందని చెప్పు."

శుక్రవారం నాకు సెలవు. గ్రౌండుకు పోయాను. రాజనర్సు మోకాళ్ళ మీద కూర్చుని, నట్టనడుమ పాడైన చోట కొత్త గడ్డి అతికిస్తున్నాడు. పక్కన కూర్చుని సారు కబురూ, ఆ వెనకే నీ మాటా చెప్పాను. గోలు ఒకటే కనబడేది, అందరూ కనబడేది, ఏడుపుమొగం పెట్టినవాళ్ళ సంగతి, అంతా. అతను గడ్డి మీద నుంచి చెయ్యి తియ్యకుండా విన్నాడు.

"నేనడిగి పన్నెండేండ్లయింది తమ్మీ" అన్నాడు. "నేను గూడ మరిచిన. ఎల్లయ్య సారు మరువలే."

కొత్త గడ్డి అంచు నొక్కి, "చెప్పింది ఎవ్వలు?" అన్నాడు.

మా అక్క దగ్గర ఆడే పిల్ల, ఎనిమిదో నంబరు అన్నాను.

"నంబర్ గాదు. పేరేంది?" అన్నాడు.

చెప్పాను. మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు, మరిచిపోకుండా.

గిరి.